ముదురు తీగల వైట్ వైన్: లువార్ ఒడ్డు కథ (ప్రసంగ పాఠం)

హైదరాబాద్‌లో హోటళ్లు, రెస్టారెంట్ల సర్వీసు సిబ్బంది కోసం జరిగిన శిక్షణ సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

మీరంతా రోజూ వైన్ లిస్టు పట్టుకుని టేబుల్ దగ్గర నిలబడేవాళ్లే. కొన్ని ఫ్రెంచ్ సీసాల మీద ‘వియెయ్ వీన్’ అని రాసి ఉండటం చూసే ఉంటారు. ముదురు తీగల ద్రాక్షతో చేశాం అని వాళ్లు చెప్పుకోవడం అన్నమాట. అదే ఊరిది, అదే రైతుది ఇంకో సీసా పక్కనే ఉంటుంది. దాని మీద ఈ మాట ఉండదు, ధర కూడా తక్కువ. గెస్ట్ రెండూ చూసి అడుగుతాడు, ఎందుకండీ ఇంత తేడా అని. మనం ఏం చెప్తాం? ‘పాత తీగలు సార్, రుచి ఎక్కువ’ అంటాం. రుచి ఎక్కువ అంటే ఏమిటి? తీపి ఎక్కువా? వాసన ఎక్కువా? ఘాటు ఎక్కువా?

ఈ మూడిట్లో ఏదీ ఎక్కువ కాదు. ఆ మాట చెప్పడానికే వచ్చాను. ముదురు తీగల డ్రై వైట్ వైన్, అంటే తీపి లేని వైట్ వైన్, గ్లాసులో పోయగానే గుప్పున వాసన కొట్టదు. లేత తోటల వైనే ముందు పలకరిస్తుంది, పండ్ల వాసనతో, పూల వాసనతో. ముదురు తోటల వైన్ నోట్లోకి వెళ్లాక పని మొదలుపెడుతుంది. నాలుక మీద దానికో బరువు ఉంటుంది. పులుపు ఉంటుంది, కానీ గుచ్చుకోదు. మింగేశాక కూడా చాలాసేపు నిలుస్తుంది. దాని గొప్పతనమంతా ఆ నిడివిలోనే ఉంది. అది ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరి కష్టంతో వస్తుంది, అది మీకు తెలిస్తే గెస్ట్‌కి మీరే చెప్పగలరు, లిస్టు చదవక్కర్లేదు.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. ‘వియెయ్ వీన్’ అని రాయడానికి తీగకి ఎన్నేళ్లు ఉండాలి? ఫ్రాన్స్ చట్టంలో అంకె లేదు. ఒకరు ఇరవై అయిదేళ్ల తోటకి రాసుకుంటారు. ఇంకొకరు ఎనభై ఏళ్ల తోట పెట్టుకుని కూడా రాయరు. 2024లో అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ ఒక నిర్వచనం ఇచ్చింది. కాగితాల మీద ఆధారంతో 35 ఏళ్లు దాటిన తీగ ముదురు తీగ అని, ఒక తోటలో కనీసం 85 శాతం తీగలు అలాంటివైతే అది ముదురు తోట అని. అది సభ్య దేశాలకి చేసిన సిఫారసు, సీసా మీద ముద్రకి కట్టుబాటు కాదు. కాబట్టి ఆ మాట చూసి నమ్మేయకండి. ఇంపోర్టర్‌ని అడగండి, ఆ తోట ఏ ఏట నాటారని. మంచి రైతైతే ఆ లెక్క అతని దగ్గర ఉంటుంది, సంతోషంగా చెప్తాడు.

ఇప్పుడు తోటలోకి వెళ్దాం.

మనకి ద్రాక్ష తోట అంటే పందిరి. హైదరాబాద్ చుట్టుపక్కల అనబెషాహి తోటలు చూసినవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. తలెత్తితే గుత్తులు వేలాడుతుంటాయి. ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు వేస్తాం. మన వేడికి తీగ పూర్తిగా నిద్రపోదు. ఫ్రాన్స్‌లో అలా కాదు. తీగ నడుము ఎత్తు కూడా ఉండదు, మోకాలి దగ్గర మొద్దు, దాని పైన ఇనుప తీగెకి కట్టిన ఒకటో రెండో కొమ్మలు, అంతే. నవంబరులో ఆకు రాలిందంటే మళ్లీ ఏప్రిల్ దాకా చలనం ఉండదు. ఆ అయిదు నెలలూ దాన్ని బతికించేది ఏమిటి? మొద్దులో, వేళ్లలో దాచుకున్న పిండిపదార్థం. వసంతంలో మొదటి చిగురు వచ్చేదీ ఆ నిలవతోనే.

ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ముదురు తీగకీ లేత తీగకీ తేడా ఇక్కడే మొదలవుతుంది. ముదురు తీగకి మొద్దు లావు, నిలవ ఎక్కువ. వేళ్లు రాతి పగుళ్లలోకి దిగి ఉంటాయి. వానలు పడని ఏడాది చేలో పైరు వాడిపోతుంది, గట్టు మీద ముదురు చింతచెట్టు వాడదు కదా, అలాంటిదే. ఎండ ముదిరిన ఏడాది లేత తోటలో ఆకులు ముడుచుకుని కాయ పండటం ఆగిపోతుంది, ముదురు తోటలో పండటం నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. అందుకే ఏడాదికీ ఏడాదికీ మధ్య తేడా వాటిల్లో తక్కువ.

రెండోది కాపు. ముప్ఫై ఏళ్లు దాటాక కాపు తగ్గడం మొదలవుతుంది. గుత్తులు చిన్నవి, కాయలు చిన్నవి. ఒక్క లెక్క చెప్తాను, మీకే అర్థమవుతుంది. పశ్చిమ ఫ్రాన్స్‌లో నాంత్ నగరం దగ్గర, ముస్కాదె అనే తెల్ల వైన్ చేసే తోటల్లో హెక్టారుకి కనీసం 6,500 తీగలు నాటాలి. అక్కడి మంచి గ్రామాల పేరుతో అమ్మే వైన్‌కి హెక్టారుకి 4,500 లీటర్లు మించకూడదు. భాగించండి. ఒక తీగకి ఒక సీసా కూడా రాదు, 750 మిల్లీలీటర్ల సీసా. ముదురు తోటలో అది 3,000 లీటర్లకి పడిపోయిందనుకోండి, తీగకి అర లీటరు కూడా కాదు. ఏడాది పొడవునా ఒక మొక్కకి చేసిన చాకిరీ అంతా ఆ అర లీటరులో ఉంటుంది. ధర ఎందుకెక్కువ అని గెస్ట్ అడిగితే ఈ లెక్క చెప్పండి.

మూడోది చాలామంది పట్టించుకోనిది. 1970ల నుంచి నర్సరీలు క్లోన్‌లు అమ్ముతున్నాయి. ఒకే తల్లి మొక్క నుంచి తీసిన కొమ్మలు, అన్నీ ఒకే రకంగా కాస్తాయి, ఒకేసారి పండుతాయి. అంతకుముందు నాటిన తోటలో అలా ఉండదు. రైతు తన తోటలోనో, పొరుగు తోటలోనో బాగున్న తీగలు చూసి కొమ్మలు కోసుకుని నాటుకునేవాడు. ఒక తీగకి గుత్తి వదులుగా ఉంటుంది, పక్క తీగకి కాయ గోలీ కన్నా చిన్నది, ఇంకోటి వారం ఆలస్యంగా పండుతుంది. ఇవన్నీ కలిసి ఒకే తొట్టిలో పులుస్తాయి. ఆ వైన్‌కి వచ్చే పొరలు వేరు. తీగ వయసుకి ఇచ్చే మెప్పులో కొంత ఈ కలగలుపుకి దక్కాలి, నా అభిప్రాయం అది.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. మంచి నేల కాని చోట ఉన్న తోటని రైతు ఎప్పుడో పీకేశాడు. డెబ్బై ఎనభై ఏళ్లు నిలిచిన తోట అంటే, తండ్రీ కొడుకూ మనవడూ ‘దీన్ని ముట్టుకోకూడదు’ అనుకున్న తోట. వయసు వల్ల ఆ వైన్ బాగుందా, బాగుంది కాబట్టి ఆ వయసు దాకా బతికిందా? రెండూ నిజమే. కానీ చెడ్డ నేలలో ముసలి తీగ దొరికితే దాన్నుంచి గొప్ప వైన్ వస్తుందని మాత్రం అనుకోకండి.

నాంత్ దగ్గర చలికాలంలో కత్తిరింపుల పనిలో ఉన్నాను నేను. ముదురు తీగ దగ్గర వంగి చూస్తే బెరడు పొడవాటి పీచులుగా ఊడి వస్తుంటుంది, కింద కలప బూడిదరంగు. చాలా మొద్దులు ఒకవైపు చచ్చిపోయి ఉంటాయి, లోపల బూజు తెగులు తినేసి తొర్ర. రెండో వైపు రెండు వేళ్ల వెడల్పు పట్టీ మాత్రం బతికి ఉంటుంది. రసం ఆ దారినే పైకి ఎక్కుతుంది. కత్తెర పెట్టేవాడు ఆ దారి ఎటు పోతోందో చూసి పెట్టాలి. తప్పుచోట పెద్ద గాయం చేస్తే ఆ రసం దారి ఎండిపోతుంది, రెండు మూడేళ్లలో తీగ పోతుంది. అందుకే వాళ్లు పెద్ద కలప కోయరు. ఒక్కో తీగ దగ్గర ఆగుతారు, చుట్టూ తిరిగి చూస్తారు, అప్పుడు కోస్తారు. యంత్రం చేసే పని కాదది.

సరే, ఇన్ని రకాల ద్రాక్షలుండగా డ్రై వైట్ వైన్ గురించే ఎందుకు చెప్తున్నాను? రెడ్ వైన్‌లో తొక్క నుంచి వచ్చే వగరు ఉంటుంది. తీపి వైన్‌లో చక్కెర ఉంటుంది. డ్రై వైట్‌లో చక్కెర దాదాపు అంతా ఆల్కహాల్ అయిపోతుంది. యూరప్ నిబంధన ప్రకారం లీటరుకి 4 గ్రాములు దాటకూడదు, పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు. తొక్క వగరు లేదు, చక్కెర లేదు. కొత్త చెక్క పీపాలో పెట్టకపోతే ఆ వాసన కూడా లేదు. ఇక మిగిలింది కాయ. కాయలో సారం లేకపోతే కప్పిపుచ్చడానికి ఏమీ ఉండదు. తోట మంచిదా కాదా అన్నది ఇంత నగ్నంగా చూపించే వైన్ ఇంకోటి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

లువార్ నది ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా పొడవైన నది, వెయ్యి కిలోమీటర్లు. సముద్రం దగ్గర నుంచి పైకి వెళ్దాం, మూడు చోట్ల ఆగుదాం.

మొదటిది ముస్కాదె. ఈ పేరు వినగానే మీలో కొందరికి చవక వైన్ గుర్తొస్తుంది. ఆ చెడ్డపేరు ఊరికే రాలేదు. సూపర్‌మార్కెట్ల కోసం కాపు పెంచి, నీళ్లలాంటి వైన్ చేసిన కాలం ఒకటి ఉంది. దాని ద్రాక్ష మెలోన్ ద బుర్గోన్. పేరులోనే ఉంది, తూర్పు ఫ్రాన్స్‌లోని బుర్గోన్ ప్రాంతం నుంచి వచ్చింది. డచ్ వర్తకులు బ్రాందీ కాయడానికి ఈ తీరంలో తెల్ల వైన్ అడిగేవారు. 1709 చలికాలంలో ఫ్రాన్స్ గడ్డకట్టింది, నాంత్ చుట్టూ తోటలు మాడిపోయాయి. ఆ చలికి తట్టుకునే రకమని తర్వాత ఈ మెలోన్‌నే విరివిగా నాటారు. దీని చుట్టరికం తెలుసా మీకు? 1999లో డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది, మెలోన్, పేరుమోసిన తెల్ల ద్రాక్ష షార్డొనే, రెండూ తోబుట్టువులు. తల్లిదండ్రుల్లో పినో ద్రాక్ష ఒక పక్క, గువే బ్లాంక్ అనే నాసిరకం పల్లెటూరి ద్రాక్ష ఇంకో పక్క. ప్రపంచమంతా షార్డొనే వెనక పడింది, దాని తోబుట్టువు మాత్రం చేపల అంగడి పక్కన వైన్‌గా మిగిలిపోయింది.

మెలోన్‌కి సొంత వాసన చాలా తక్కువ. మరి ఏం చేయాలి? వైన్‌ని చచ్చిన ఈస్ట్ మడ్డి మీదే ఉంచేస్తారు. మామూలు ముస్కాదెని చలికాలం దాటే దాకా ఉంచి, మార్చి నుంచి సీసాలకి ఎక్కిస్తారు. మడ్డి కరిగి వైన్‌కి ఒళ్లు ఇస్తుంది, కొంచెం రొట్టె పిండి వాసన ఇస్తుంది, తాగేటప్పుడు నాలుక చివర సన్నటి చిమచిమ కూడా ఉంటుంది. ఈ పని అక్కడ చాలాచోట్ల నేలలో తవ్విన కాంక్రీటు తొట్లలో జరుగుతుంది, చెక్క పీపాల్లో కాదు. 2011లో మూడు గ్రామాలకి ప్రత్యేక గుర్తింపు వచ్చింది: క్లిసోన్, గోర్జ్, ల పల్లె. తర్వాత మరికొన్ని చేరాయి. క్లిసోన్ నేల గ్రానైట్, గోర్జ్‌లో గాబ్రో అనే నల్లరాయి. క్లిసోన్ వైన్ కనీసం రెండేళ్లు మడ్డి మీద ఉండాలి.

ఇక్కడే తీగ వయసు తేలిపోతుంది. లేత తోట వైన్‌ని రెండేళ్లు మడ్డి మీద ఉంచండి, ఏమవుతుంది? మడ్డి రుచి మాత్రమే మిగులుతుంది, వైన్ అలిసిపోతుంది. ముదురు తోట వైన్‌కి అంత కాలం మోసే సారం ఉంటుంది, మడ్డి దాన్ని నిండు చేస్తుంది. అంటే నిబంధన పెట్టింది కాలం మీద, కానీ దాన్ని తట్టుకోగలిగేది తోట. పదేళ్లు నిలవ చేసిన క్లిసోన్ తాగి చూడండి ఎప్పుడైనా. అయిదు వేళ్ల మీద లెక్కపెట్టే వాసనలు ఉండవు. రాయి తడిసినట్టు ఒక చల్లదనం, కొంచెం ఉప్పదనం, ఆపిల్ తొక్క చేదు, ఆ తర్వాత ఆగకుండా ఒక నిడివి. ఫ్రాన్స్‌లో ఇంత తక్కువ డబ్బుకి ఇంత మంచి వైన్ ఇంకెక్కడా దొరకదు.

రెండో మజిలీ ఆంజే నగరం పక్కన సవెన్యేర్. ఇక్కడ షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష. పలకరాయి నేల, వాలు మీద తోటలు. అక్కడే కులే ద సెరాన్ అనే ఏడు హెక్టార్ల తోట ఉంది, 1130లో సిస్తెర్షియన్ అనే క్రైస్తవ సంఘం సన్యాసులు మొదట నాటారు. ఆ ఒక్క తోటకే సొంత అప్పెలాసియోన్, అంటే చట్టం గుర్తించిన ప్రాంతం పేరు, ఉంది. షెనిన్‌తో చిక్కు ఏమిటంటే పులుపు విపరీతం, పండటం ఆలస్యం, ఒక గుత్తిలోనే కాయలు ఒకేసారి పండవు. అందుకే తోటలోకి రెండు మూడుసార్లు దిగి పండినవే కోస్తారు. లేత తోటలో చక్కెర ముందు ఎక్కేస్తుంది, రుచి వెనకబడుతుంది. ముదురు తోటలో రెండూ దాదాపు కలిసి వస్తాయి. చామంతి, తేనెమైనం, తడి ఉన్ని, చివర్లో గట్టి పులుపు. మొదటి గుక్కకి నచ్చకపోవచ్చు, గెస్ట్‌కి ముందే చెప్పండి. ఇంకొంచెం పైకి వెళ్తే తూర్ దగ్గర వూవ్రే. సున్నపురాయి గుట్టలు, వాటిలోకి తవ్విన గుహల్లో సెల్లార్లు. వూవ్రే తీపి, సగం తీపి, డ్రై అన్ని రకాలూ చేస్తుంది కాబట్టి ఆర్డర్ పెట్టేటప్పుడు ‘సెక్’, అంటే డ్రై, అని ఉన్నది చూసి తీసుకోండి.

మూడోది చెప్పాలంటే ముందు ఒక పురుగు గురించి చెప్పాలి.

ఫిల్లాక్సెరా. ద్రాక్ష పేను. అమెరికా నుంచి మొక్కలతో పాటు వచ్చింది. 1860ల్లో దక్షిణ ఫ్రాన్స్‌లో తీగలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. 1868లో అక్కడి మోంపెలియే నగరానికి చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాన్షోన్, ఆయన తోటివారు బతికున్న తీగని పెకలించి వేళ్లు చూశారు. వేళ్ల నిండా పసుపుపచ్చని పేలు. 1875లో ఫ్రాన్స్ ఎనిమిది కోట్ల నలభై లక్షల హెక్టోలీటర్ల వైన్ చేసింది, హెక్టోలీటరు అంటే వంద లీటర్లు. 1889 నాటికి అది రెండు కోట్ల ముప్ఫై లక్షలకి పడిపోయింది. ఆలోచించండి, పద్నాలుగేళ్లలో మూడొంతులు దాదాపు పోయింది. చివరికి దొరికిన మార్గం అంటు కట్టడం. అమెరికా వేరు మీద ఫ్రెంచ్ కొమ్మ. ఇవాళ ఫ్రాన్స్‌లో మీరు చూసే తోట దాదాపు ప్రతిదీ అంటు తోటే.

అందుకే అంటు లేకుండా, సొంత వేరు మీద, పేను రాకముందు నాటిన తీగ దొరికితే అది నిధి. పేను ఇసుకలో తిరగలేదు, అందువల్ల ఇసుక నేలల్లో కొన్ని మిగిలాయి. నైరుతి ఫ్రాన్స్‌లో సరగాషి అనే ఊళ్లో 1820ల నాటి తోటని 2012లో ఫ్రాన్స్ ప్రభుత్వం చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చింది. కోటలు, చర్చిల సరసన ఒక ద్రాక్ష తోట. అందులో ఇరవై దాకా రకాలుంటే కొన్ని రకాలకి పేరు కూడా తెలియదు.

లువార్‌లో అలాంటి నిధి రొమొరాంతాన్ అనే తెల్ల ద్రాక్ష. అదే మన మూడో మజిలీ. 1519లో మొదటి ఫ్రాన్స్వా రాజు బుర్గోన్ నుంచి 80,000 మొక్కలు తెప్పించి తన తల్లి ఊరు రొమొరాంతాన్‌లో నాటించాడని అక్కడ చెప్పుకుంటారు. ఇది కూడా పినో, గువే బ్లాంక్ సంతానమే, మెలోన్‌కి దగ్గర బంధువు. ఇవాళ కూర్ షెవెర్నీ అనే చిన్న ప్రాంతం దీనికి పుట్టిల్లు. 1993లో అప్పెలాసియోన్ వచ్చింది, ఆ పేరుతో అమ్మాలంటే రొమొరాంతాన్ తప్ప ఇంకోటి కలపకూడదు. మొత్తం వంద హెక్టార్లు కూడా లేవు. తూర్ చుట్టూ ఉన్న తూరేన్ ప్రాంతంలో ఓరీ మార్యొనె అనే రైతు 1850 ప్రాంతంలో నాటిన రొమొరాంతాన్ తోటని కాపాడి, ‘ప్రొవిన్యాజ్’ అనే పేరుతో విడిగా సీసాల్లో పోశాడు. అంటు లేని తీగలు. ఒక తీగ చచ్చిపోతే పక్క తీగ కొమ్మని వంచి మట్టిలో పూడ్చి కొత్త వేరు పుట్టించే పద్ధతి పేరే అది. మన రైతులు నేల అంటు అంటారు కదా, అదే.

ఇలాంటి తోటలు పోవడానికి పురుగే అక్కర్లేదు. 2024లో ఫ్రాన్స్‌లో తోట శాశ్వతంగా పీకేసినవారికి హెక్టారుకి 4,000 యూరోలు ఇచ్చారు. వైన్ అమ్ముడుపోవడం లేదు, రైతు అప్పుల్లో ఉన్నాడు, కాదనలేం. కానీ పీకేద్దామనుకున్నప్పుడు రైతు దేన్ని ముందు చూస్తాడు? కాపు తక్కువది, యంత్రానికి అనువు కానిది, తెగులు పట్టింది. అంటే ముదురు తోట. నాకు కడుపు మండేది ఇక్కడే. ఎనభై ఏళ్ల తోట ఒక్క మధ్యాహ్నంలో ట్రాక్టర్ కింద పోతుంది, మళ్లీ కావాలంటే ఎనభై ఏళ్లు పడుతుంది. దాన్ని నిలబెట్టేది చట్టం కాదు, అమ్ముడుపోయిన సీసా. టేబుల్ దగ్గర మీరు చెప్పే రెండు వాక్యాలకి అంత బలం ఉంది.

ఇక సర్వీసు సంగతులు, త్వరగా చెప్పేస్తాను. ఐసు బకెట్లో ముంచి ఉంచకండి. ఆరు డిగ్రీల దగ్గర ఈ వైన్‌లో పులుపు తప్ప ఏమీ తెలియదు. పది నుంచి పన్నెండు డిగ్రీలు చాలు. మన వాతావరణంలో గ్లాసులో అది తొందరగానే వేడెక్కుతుంది కాబట్టి కొంచెం కొంచెం పోయండి. సన్నటి పొడుగు గ్లాసు వద్దు, మధ్యలో వెడల్పున్నది పెట్టండి. సవెన్యేర్‌ని గంట ముందే తెరిచి వేరే పాత్రలోకి వంపడానికి భయపడకండి, వైట్ వైన్ అయినా సరే.

ఎవరో అడిగారు ఇందాక, మన కూరలతో నడుస్తుందా అని. ఎక్కువ కారం ఉన్నదాంతో పెట్టకండి. కారం మీద ఆల్కహాల్ మండుతుంది, పులుపు గుచ్చుతుంది, వైన్‌కి అన్యాయం, కూరకీ అన్యాయం. మిరియాలతో, ఉప్పుతో వేయించిన చేప, ఆవిరి మీద ఉడికించిన పీతలు, కొబ్బరిపాలలో కారం తగ్గించి వండిన రొయ్యలు, వీటితో క్లిసోన్ బ్రహ్మాండంగా ఉంటుంది. సవెన్యేర్‌కి వెన్నతో చేసిన కోడి. మేకపాల చీజ్ ఉంటే రొమొరాంతాన్.

మీ ముందు నాలుగు గ్లాసులున్నాయి. ఎడమ చివరది లేత తోట ముస్కాదె, దాని పక్కన అదే రైతు క్లిసోన్. ఈ రెండూ ముందు, ఒకదాని తర్వాత ఒకటి. వాసన చూసి నిర్ణయించేయకండి. నోట్లో పెట్టుకుని, మింగి, ఎంతసేపు నిలిచిందో చూసుకుని కాగితం మీద రాయండి. మూడోది సవెన్యేర్, నాలుగోది కూర్ షెవెర్నీ. మధ్యలో నీళ్లు తాగండి. అందరూ రాశాక ఒక్కొక్కరినీ అడుగుతాను.